బాలింత కాగితం

హోసూరు
8 ఫిబ్రవరి 1999

అంబిక అక్కకు,

ఏడాదిన్నర ఉత్తరం ముక్క రాయనిదాన్ని, ఇప్పుడు పనిపడి రాస్తున్నాను. తిట్టాలనుంటే ముందు తిట్టేసుకో, తరువాత చదువు. నీ కూతురి ఓణీల ఫంక్షన్‌కు రాలేదు. డ్యూటీ అని కబురు పంపాను. డ్యూటీ నిజమే, అది మార్చుకోవచ్చుననేదీ నిజమే. నర్సింగ్ స్కూల్ హాస్టల్లో జ్వరమొచ్చినప్పుడు నాకు గంజి తాగించినదానివి నువ్వు. ఆ మాట గుర్తొచ్చి రెండుసార్లు పెన్ను కింద పెట్టేశాను.

ఇక్కడ నన్ను నర్సింగ్ సూపరింటెండెంటును చేసి మూడు నెలలైంది. కింద ముప్పై ఎనిమిది మంది నర్సులు. సగం మంది ఆరు నెలలు పనిచేసి వేరే చోటికి పోతారు. సుగరు రోగి కాలి పుండును ఒకామె రోజూ కడుగుతుంది, ఇంకొకామె రెండు రోజులకొకసారి. ఇదేమిటంటే "మా స్కూల్లో ఇట్లే చెప్పినారు మేడం" అంటారు. బెంగుళూరు నుంచి వచ్చిన కొత్త డైరెక్టరు రఘునాథ్ గారికి ఇది చూసి తల తిరిగిపోయింది. ఇక మీద ఒక్కో రకం రోగులకు ఒక్కో కేర్ ప్లాన్ ఉండాలన్నారు. సుగరు పుండ్లకు ఒకటి, విరిగిన కాళ్ళకు ఒకటి, పురుగుల మందు తాగినవాళ్ళకు ఒకటి. ఏ రోజు ఏం చూడాలి, ఏం అడగాలి, ఏం ఇవ్వాలి అన్నదంతా ఒకే పేజీలో రావాలి. పక్కన గళ్ళు, చేసినదానికి టిక్కు. నిన్న చేరిన నర్సయినా ఆ కాగితం చూసి పని తప్పకుండా చేయగలగాలి.

సిజేరియన్ అయిన బాలింతల కాగితం నువ్వు రాసివ్వాలి. పద్దెనిమిదేళ్ళుగా ప్రసూతి వార్డులో ఉన్నదానివి, నీ కంటే తెలిసినవాళ్ళు నాకు లేరు. ఫోను డైరెక్టరు గది లోపలుంది, అందుకే ఉత్తరం రాయి. కాదనొద్దు.

నీ
నాగవేణి


కృష్ణగిరి
2 మార్చి 1999

నాగవేణికి,

పనిపడితే తప్ప అక్క గుర్తుకు రాదని ఒప్పుకొన్నావు కాబట్టి తిట్టడం మానేశాను. సూపరింటెండెంటు మేడంను తిట్టడానికి నాకెంత ధైర్యం!

కాగితం రాశాను, దీనితోపాటే పెట్టాను. ఏడు రోజులకు ఏడు వరసలు. బీపీ, జ్వరం, కుట్లు, మూత్రం, పాలు, లేచి నడవడం, అన్నీ ఉన్నాయి. మా ఇరవై మంచాల ఆసుపత్రిలో ఇలాంటిది ఎవరూ అడగలేదు. నాలుగు పూటలు కూర్చొని రాశాను. మా ఆయన "పరీక్షకు చదువుతున్నావా?" అని ఎగతాళి చేశాడు.

అడుగున రెండు వరసలు వేరే ఇంకుతో రాశాను, చూడు. అవి పుస్తకాల్లో లేవు. మొదటిది: బాలింత నీళ్ళు తాగడం నర్సు కళ్ళారా చూడాలి, జగ్గు నింపి పెట్టి టిక్కు కొట్టకూడదు. రెండోది: బాలింత తలనొప్పి అంటే మాత్ర ఇచ్చి ఊరుకోకూడదు, ఆ పూటే డాక్టరుకు చెప్పాలి.

ఎందుకో నీకు వేరే చెప్పాలా? కెలమంగలం పక్కన పుట్టినదానివి. మన ఇళ్ళల్లో కాన్పయినదానికి తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, వెల్లుల్లి కారం, మిరియాల చారు పోసి, నీళ్ళు మాత్రం గుక్కెడుకు మించి ఇవ్వరు. తాగితే కడుపు దిగదనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ అంటారు. నర్సు జగ్గు నింపి వెళుతుంది, తోడొచ్చిన తల్లి దాన్ని తొట్టిలో పారబోస్తుంది. ఖాళీ జగ్గు చూసి నర్సు సంతోషపడుతుంది. ఇదంతా నేను చూశాను.

తలనొప్పి సంగతి ఇంకోసారి చెబుతాను. ఇప్పుడు రాయలేను. ఆ రెండు వరసలు మాత్రం ఉండాలి.

అంబిక


హోసూరు
20 ఏప్రిల్ 1999

అక్కా,

నీ కాగితం అచ్చయింది! మీటింగులో అన్నిటికంటే బాగుందన్నారు. అడుగున తయారు చేసినవారు అని నా పేరు వేశారు. నువ్వు బయటి ఆసుపత్రిలో ఉన్నావు కాబట్టి నీ పేరు రాకూడదట. నాకు బాగుండలేదు, అయినా ఊరుకున్నాను.

ఇంకో సంగతి. చివరి రెండు వరసలు తీసెయ్యాల్సి వచ్చింది. పేజీ చాలలేదు. ఊళ్ళ అలవాట్లు ప్లానులోకి తేవద్దని రఘునాథ్ గారు కూడా అన్నారు. "నోటి ద్వారా ద్రవాలు" అని ఒక గడి ఉంది కదా, అది చాలు. తలనొప్పి ఎవరికి రాదక్కా?

నర్సులకు నేర్పడానికే నా ప్రాణం పోతోంది. అలివేలు అని పలమనేరు పిల్ల ఒకతె ఉంది. కాగితం అంచుల్లో చీమల బారులా ఏదో ఒకటి రాస్తుంది. బాలింతకు నిద్ర పట్టలేదంట, అత్తతో మాట్లాడలేదంట. గడి లేని మాట రాయొద్దని నిన్న అందరి ముందూ గట్టిగా వేసుకున్నాను. ఇప్పుడు కాగితాలు అద్దంలా ఉన్నాయి.

నువ్వు కోపం తెచ్చుకోవు కదా?

నాగవేణి


కృష్ణగిరి
11 మే 1999

నాగవేణికి,

నీ ఆసుపత్రి, నీ కాగితం, నీ ఇష్టం.

ఇక్కడ మామిడి దిగింది. రోడ్డు మీద లారీలే లారీలు, బస్సు దొరకడం లేదు. లేకపోతే ఒకసారి వచ్చి చూసేదాన్ని.

అంబిక


హోసూరు
14 సెప్టెంబరు 1999

అక్కా,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

ఆగస్టు ఇరవై నాలుగున భువన అనే అమ్మాయికి సిజేరియన్ అయింది. ఇరవై రెండేళ్ళు, రెండో కాన్పు, ఆడపిల్ల. కెలమంగలం అవతల ఊరు. మొగుడు ఉపేంద్ర ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కాన్పుకు తోడు వచ్చిన తల్లి పేరు బసవమ్మ. నాలుగో రోజు అమ్మాయి అలివేలుతో తల నొస్తూ ఉందని చెప్పిందట. అలివేలు మాత్ర ఇచ్చింది. ఎక్కడా రాయలేదు, డాక్టరుకు చెప్పలేదు. ఏడో రోజు ఇంటికి పంపారు. ఇంటికి పోయిన నాలుగు రోజులకు ఫిట్స్. బెంగుళూరుకు ఎత్తుకుపోయారు. తలలో నరంలో రక్తం గడ్డ కట్టిందట. ఒంట్లో నీళ్ళు చాలక రక్తం చిక్కబడడం కూడా ఒక కారణమని అక్కడి డాక్టరు రాసిచ్చాడు. ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది.

ఆమె కాగితం తీసి చూశాను. ఏడు రోజులూ టిక్కులే. ద్రవాల గడి నిండుగా ఉంది.

ఇరవై ఏడో తేదీ విచారణ పెట్టారు. తప్పు అలివేలుదేనని అందరూ అనుకుంటున్నారు. పని పోవడమే కాదు, నర్సింగ్ కౌన్సిలుకు రాస్తారట. అంటే ఇంకెక్కడా నర్సుగా పనికిరాదు. ప్లానులో తప్పుందా అని రఘునాథ్ గారు నన్ను అడిగారు. లేదన్నాను. ఉన్నవన్నీ సరైనవే కదా అక్కా, తప్పేమీ రాయలేదు కదా. అలివేలు చెప్పాల్సింది. నర్సు అన్నాక ఆ మాత్రం బుద్ధి ఉండొద్దా?

ఏప్రిల్లో నీకు రాసిన ఉత్తరం ఉందా? రెండు వరసలు తీసేశానని రాసినది. ఉంటే అదీ చింపెయ్యి. నాకు పిల్లల ఫీజులున్నాయి, ఈ పదవికి పదహారేళ్ళు పట్టింది. అడగడానికి సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

నాగవేణి


కృష్ణగిరి
18 సెప్టెంబరు 1999

నాగవేణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చింపలేదు.

తలనొప్పి సంగతి ఇంకోసారి చెబుతానన్నాను కదా, విను. తొంభై ఒకటిలో రంగమ్మ అని ఒక బాలింత, మూడో కాన్పు. మూడు రోజులు వరసగా నన్ను పిలిచింది. "సిస్టరమ్మా, తల పగిలిపోతా ఉండాది" అంది. "గుడ్డ బిగించి కట్టుకో, ఏడిస్తే పాలు ఇంకిపోతాయి" అన్నాను. నేనే అన్నాను, నా నోటితో. ఆరో రోజు పోయింది. మొగుడు వచ్చి నాకు దండం పెట్టాడు. "బాగా చూసుకున్నారమ్మా, మా తలరాత ఇంతే" అన్నాడు. నేను నోరు మూసుకొని ఆ దండం పెట్టించుకున్నాను.

ఎవరూ విచారణ పెట్టలేదు. ఎవరూ కాగితం అడగలేదు. అప్పుడు కాగితమే లేదు. ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేసి ఏడ్చి ఉండేదాన్ని. ఎనిమిదేళ్ళు ఎవరూ అడగలేదు. నువ్వు కాగితం రాసివ్వమన్నప్పుడు, ఆ రెండు వరసలు రాసుకున్నప్పుడు, రంగమ్మకు ఇప్పటికైనా జవాబు చెబుతున్నానని అనుకున్నాను.

నువ్వు తీసేశానంటే నాకు రోషం వచ్చింది. నాలుగు మాటలు రాసి ఊరుకున్నాను. గంటన్నర బస్సు ప్రయాణం, నాగా! వచ్చి నీ బల్ల మీద గుద్ది అడగాల్సింది, ఇదిగో ఇందుకు కావాలి అని రంగమ్మ పేరు చెప్పాల్సింది. బస్సు దొరకలేదని రాశాను. సిగ్గుపడి చెప్పలేదు, అలిగి రాలేదు. భువన చెయ్యి పడిపోవడంలో నాకూ వాటా ఉంది. అది నీ మీద వేసి చేతులు దులుపుకోను.

నీ ఏప్రిల్ ఉత్తరం దీనితోపాటు పంపుతున్నాను. చింపాలంటే నువ్వే చింపు. నా చేతులతో ఆ పని చేయించకు.

ఆ పలమనేరు పిల్ల అంచుల్లో రాసేది ఎందుకు మానేసిందో నాకు తెలుసు. నీకూ తెలుసు.

అంబిక


హోసూరు
17 అక్టోబరు 1999

అక్కా,

నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పను. కవరు విప్పగానే నా చేతిరాత నాకే కనబడింది. వారం రోజులు దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకొని తిరిగాను. రెండుసార్లు స్టవ్వు దాకా తీసుకుపోయాను. అదీ చెప్పాలి నీకు.

విచారణ రోజు అలివేలు తండ్రి శ్రీరామప్ప వచ్చి గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఆ పిల్ల ట్రంకు పెట్టె. ఏం తేలకముందే కూతుర్ని తీసుకుపోవడానికి సిద్ధమై వచ్చాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మా పాప తెలీక చేసినాదమ్మా, కొట్టండి, కానీ సదువు మాత్రం పాడు చేయొద్దండి" అన్నాడు. నేను లోపలికి పోయాను.

లోపల డైరెక్టరు, మేనేజరు, ఇద్దరు డాక్టర్లు. అలివేలు నిలబడి ఉంది. ఎందుకు రాయలేదని అడిగారు. ఆ పిల్ల నా వైపు చూడనైనా చూడలేదు. "గడి లేదు సార్" అంది, అంతే. నేను అందరి ముందూ తిట్టాను కాబట్టి రాయలేదని చెప్పొచ్చు. చెప్పలేదు, చూశావా?

అప్పుడు ఉత్తరం తీశాను. తెలుగులో ఉంది కాబట్టి చదివి, ఒక్కో వాక్యం నేనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. "పేజీ చాలలేదు" అన్న దగ్గర ఆగిపోయాను. అది అబద్ధమక్కా. నీకూ అబద్ధమే రాశాను. కాగితం అడుగున మూడు వేళ్ళ ఖాళీ ఉండింది. ఊళ్ళ అలవాట్లు వద్దని రఘునాథ్ గారు అననేలేదు. ఆ రెండు వరసలు ఆయన చూడనే లేదు. మీటింగుకు ముందే నేను కొట్టేశాను. ఎందుకో తెలుసా? బెంగుళూరు డాక్టర్లంతా కూర్చున్న ఆ ఏసీ గదిలో నిలబడి, మా వాళ్ళు బాలింతకు నీళ్ళివ్వరు అని చదవడానికి నాకు నామోషీ అనిపించింది. "మీ ఊళ్ళోనూ ఇంతేనా?" అని అడుగుతారని భయం. మా అమ్మ కూడా నాకు నీళ్ళివ్వలేదు. ఆ మాట నా నోటి నుంచి రాకూడదని ఒక ఆడపిల్ల చెయ్యి పోగొట్టాను.

ఇదంతా వాళ్ళకు చెప్పాను. రఘునాథ్ గారు, "ఆ వరసలు చూపించి ఉంటే నేనేమనేవాణ్నో నాకే తెలియదు. వద్దనే అనేవాణ్నేమో. కానీ మీరు చూపించలేదు" అన్నారు. సరైన మాటే.

అలివేలు పని నిలిచింది. నన్ను పదవి నుంచి తీసి ప్రసూతి వార్డులో మామూలు నర్సుగా వేశారు. ఆ పిల్ల నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది, కృతజ్ఞత చెప్పలేదు. చెబితే చచ్చిపోయేదాన్ని. నీ రెండు వరసలు కాగితంలోకి వచ్చాయి. అంచున ఏమైనా రాసుకోవడానికి ఖాళీ వదిలారు.

అసలు సంగతి ఇక్కడి నుంచి. నిన్న భువన ఇంటికి వెళ్ళాను. ఎవరూ పంపలేదు. కెలమంగలంలో బస్సు దిగి నడిచాను. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. మొగుడు పనికి పోయాడు. బసవమ్మ ఒళ్ళో చంటిదాన్ని వేసుకొని మల్బరీ ఆకు తుంచుతోంది. భువన గోడకు ఆనుకొని కూర్చుంది, తలకు ఇంకా గుడ్డ.

నేనెవరో చెప్పగానే బసవమ్మ ముఖం పాలిపోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. బిడ్డను చాప మీద వేసి, లేచి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"తెలిసిపోయిందా అమ్మా మీకు? తప్పు నాదే. ఎవురికీ చెప్పలేదు నేను, మా అల్లునికి కూడా" అంది.

ఏమిటని అడిగాను.

"మూడో దినం మద్యాన్నం బిడ్డ గోజారింది. నాలిక ఎండకపోతా ఉండాదే అమ్మా, ఒక్క గుక్క అంటే మనసు ఆగలే. అర గ్లాసు నీళ్ళిచ్చినాను. మా అమ్మ, మా అత్త ఎవురూ ఇయ్యలే, నేను ఇచ్చినాను. తెల్లారి తలనొప్పి వచ్చె. ఆ నీళ్ళే తలకెక్కినాయమ్మా. నా చేతులారా నా బిడ్డను ఇట్ల చేసుకొన్నాను."

అక్కా, ఆమె నెలన్నరగా అలా ఏడుస్తోంది. మంచి పని చేసిన ఆ ఒక్క క్షణాన్ని తలుచుకొని ఏడుస్తోంది. అంతకంటే ఘోరం, ఆ భయంతో ఇప్పటికీ భువనకు నీళ్ళు కొలిచి పోస్తోంది. బెంగుళూరులో నీళ్ళు తాగించమని ఇంగ్లీషులో రాసిన చీటీ గూట్లో అలాగే ఉంది.

ఏం చెప్పను? ఆ అర గ్లాసు తప్పు కాదంటే, పారబోసిన జగ్గులన్నీ తప్పని చెప్పినట్టే. ఆ మాట ఆమెకు అర్థం కాకుండా చెప్పే దారి లేదు. బస్సెక్కి వచ్చేద్దామా అనిపించింది. భువన పెదాలు చూశాను, పగిలి ఉన్నాయి. చెప్పాను. ఆ అర గ్లాసే సరైనదని, ఇంకా ఇవ్వాల్సిందని చెప్పాను. మీకు తెలియదు, నాకు తెలుసు, చెప్పమని ఒక అక్క రాసిస్తే నేను కొట్టేశానని కూడా చెప్పాను.

బసవమ్మ మెల్లిగా నా చేతులు వదిలేసింది.

"మీది ఏ ఊరమ్మా?" అంది.

చెప్పాను. అక్కడికి నాలుగు మైళ్ళు.

"అయితే మా ఇండ్లల్లో ఇట్ల అని మీకు తెలుసు."

"తెలుసమ్మా."

"నీళ్ళు తాపండి అని ఒక్క మాట చెప్పింటే తాపిందును కదమ్మా. పెద్దాసుపత్రి వాళ్ళు చెప్తే మేము ఇనమా? మీరు ఏమంటే అది చేసేదానికే కదా ఆడికి వచ్చింది."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేను ఆకుబుట్ట పక్కన కూర్చుండిపోయాను. చంటిది లేచి ఏడ్చింది, బసవమ్మ ఎత్తుకుంది. అప్పుడు భువన ఎడమ చేత్తో కడవ వైపు చూపించి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. తల్లికి అర్థమైంది. గ్లాసు ముంచి, పట్టుకొని, నా ముఖం చూసింది.

"ఇయ్యొచ్చునా?"

"ఇవ్వండి."

"ఎంత?"

"అడిగినంత" అన్నాను.

భువన మూడు గ్లాసులు తాగింది. బసవమ్మ ఒక చేత్తో బిడ్డను పట్టుకొని, ఇంకో చేత్తో తాగించింది. మూడో గ్లాసు ఆమె చేతి నుంచి నేను అందుకోబోయాను. వద్దంది.

నాగవేణి